ఒకే ఓడ, ఎనిమిది పాస్‌పోర్టులు: అలాస్కా క్రూయిజ్‌కి ఎవరికి ఎస్టా, ఎవరికి వీసా?

తెనాలి_శ్రీను (బర్మింగ్‌హామ్) | ఫిబ్రవరి 3, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది తెనాలి. పదిహేనేళ్లుగా బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాం. ఆగస్టుకి నాన్నగారికి డెబ్భై నిండుతాయి. రైల్వేలో చేసి రిటైరయ్యారు. దేశమంతా రైల్లో తిరిగారు కానీ ఓడ ఎక్కలేదు. మంచుకొండ విరిగి సముద్రంలో పడటం టీవీలో వస్తే కదలకుండా చూస్తారు. అందుకని అందరం కలిసి అలాస్కా క్రూయిజ్ వెళ్దామనుకున్నాం. వాంకూవర్‌లో ఎక్కి, జూనో, స్కాగ్‌వే, కెచికాన్ చూసుకుని మళ్ళీ వాంకూవర్‌లో దిగే ఏడు రాత్రుల ప్రయాణం. అడ్వాన్స్ కట్టేశాను.

ఇప్పుడు కాగితాల దగ్గర తల తిరుగుతోంది. మేం ఎనిమిది మందిమి. నాదీ, మా బాబుదీ (తొమ్మిదేళ్లు) బ్రిటిష్ పాస్‌పోర్టు. మా ఆవిడది ఇండియన్ పాస్‌పోర్టు, ఇక్కడ ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఉంది. అమ్మానాన్నలు తెనాలిలోనే ఉంటారు, వాళ్ళ దగ్గర అమెరికా బి1/బి2 విజిటర్ వీసా ఉంది, ఇంకా మూడేళ్లు చెల్లుతుంది. చెల్లెలు, బావ సియాటిల్‌లో ఉంటారు. చెల్లెలిది హెచ్-1బి ఉద్యోగ వీసా, బావది ఆమె మీద ఆధారపడిన హెచ్-4. ఇద్దరి వీసా స్టాంపులూ పోయినేడాదే అయిపోయాయి, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) మాత్రం వచ్చే సంవత్సరం దాకా ఉంది. వాళ్ళ పాప అక్కడే పుట్టింది.

బ్రిటిష్ పాస్‌పోర్టుకి వీసా అక్కర్లేదు, ఎస్టా అనే ఆన్‌లైన్ అనుమతి చాలంటున్నారు, నిజమేనా? ఓడ అలాస్కాలో ఆగినప్పుడు మా ఆవిడ దిగకుండా లోపలే ఉండిపోతే అమెరికా వీసా లేకుండా సరిపోతుందా? బుకింగ్ చేసిన ఏజెంటు “అవన్నీ ఓడవాళ్ళు చూసుకుంటారండీ” అన్నాడు.

విశాఖ_పర్సర్ | ఫిబ్రవరి 3, రాత్రి 11:40

శ్రీను గారూ, తొమ్మిదేళ్లు ఓడల్లో రిసెప్షన్‌లోనూ పర్సర్ ఆఫీసులోనూ పనిచేశాను. ముందు ఏజెంటు మాట పక్కన పెట్టండి. ఓడవాళ్ళు చూసేది ఒక్కటే, మీ చేతిలో కాగితం ఉందా లేదా అని. లేకపోతే రేవులోనే ఆపేస్తారు. సరైన కాగితం లేని మనిషిని అమెరికాకి తీసుకొస్తే జరిమానా ఓడ కంపెనీ మీద పడుతుంది, అందుకని అక్కడ ఎంత బతిమాలినా లాభం ఉండదు. కట్టిన డబ్బు కూడా మామూలుగా తిరిగి రాదు.

దిగకుండా ఓడలోనే ఉంటే సరిపోతుందా అన్నారు. సరిపోదు. ఓడ అమెరికా రేవులోకి వచ్చిందంటే అందులో ఉన్న ప్రతి మనిషీ వచ్చినట్టే లెక్క. మీరు చెప్పిన వాంకూవర్ ప్రయాణంలో అయితే ఇంకా ముందే తేలిపోతుంది. కెనడా ప్లేస్ టెర్మినల్‌లో, ఓడ ఎక్కకముందే అమెరికా సీబీపీ (సరిహద్దు తనిఖీ సంస్థ) ఆఫీసర్లు కూర్చుని ఉంటారు. ఆ తనిఖీ అయితేనే ఓడ దగ్గరికి పంపిస్తారు. కెనడా నేల మీదే అమెరికాలోకి ప్రవేశం జరిగిపోతుందన్నమాట. మీ ఆవిడకి బి1/బి2 లేకపోతే అలాస్కా నీళ్లు కూడా కనపడవు.

బ్రిటన్ వీసా వేవర్ దేశాల్లో, అంటే వీసా లేకుండా రానిచ్చే దేశాల జాబితాలో, ఉంది కాబట్టి మామూలుగా మీకూ బాబుకీ ఎస్టా చాలు. ఓడలో వచ్చేవాళ్ళకీ అది తప్పనిసరే. మన దేశం ఆ జాబితాలో లేదు. బ్రిటన్‌లో ఐఎల్ఆర్ ఉన్నా, ఆస్ట్రేలియాలో పీఆర్ ఉన్నా, అమెరికా చూసేది పాస్‌పోర్టు ఏ దేశానిదన్నదే.

ఇక రెండో సగం, అందరూ మరిచిపోయేది, కెనడా. మీరు వాంకూవర్‌కి విమానంలో వస్తే మీకూ బాబుకీ కెనడా ఈటీఏ (ఎస్టా లాంటి ఆన్‌లైన్ అనుమతి) కావాలి, 7 కెనడా డాలర్లు. మీ ఆవిడకి, అమ్మానాన్నలకి, చెల్లెలికి, బావకి కెనడా విజిటర్ వీసా కావాలి. అమెరికా వీసా ఉంది కదా అని కెనడా ఇండియన్ పాస్‌పోర్టుని వదిలేయదు. ఫీజు 100 కెనడా డాలర్లు, బయోమెట్రిక్స్‌కి ఇంకో 85. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి మాత్రం పాస్‌పోర్టు, కార్డు చూపిస్తే కెనడా వీసా అక్కర్లేదు. మీ ఇంట్లో ఆ అదృష్టం ఎవరికీ ఉన్నట్టు లేదు.

ఆస్టిన్_కిరణ్ | ఫిబ్రవరి 4, ఉదయం 6:05

అన్నా, మరీ అంత టెన్షన్ వద్దు. నేను రెండు సార్లు క్రూయిజ్ వెళ్ళొచ్చా. క్లోజ్డ్ లూప్ అంటే బయలుదేరిన రేవుకే తిరిగొచ్చేది. దానికి పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు. మీ చెల్లెలు వాళ్ళకి ఆటోమేటిక్ రీవాలిడేషన్ ఉంది కదా, 30 రోజుల్లోపు తిరిగొస్తే పాత స్టాంపుతోనే రానిస్తారు. మా ఫ్రెండ్స్ చాలామంది వెళ్ళారు, ఏం కాలేదు.

జెర్సీ_హరి | ఫిబ్రవరి 4, ఉదయం 7:31

కిరణ్, దయచేసి ఈ ముక్క ఇలా సగం చెప్పొద్దు. సరిగ్గా ఈ మాట నమ్మే మేం పోగొట్టుకున్నాం.

మొన్న థాంక్స్‌గివింగ్‌కి మూడు కుటుంబాలం న్యూజెర్సీలోనే ఎక్కి బహామాస్ వెళ్ళే ఓడ బుక్ చేశాం. నాది హెచ్-1బి, స్టాంపు అయిపోయింది, ఐ-94 బాగానే ఉంది. నేనూ ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనుకునే వెళ్ళాను. కౌంటర్‌లో అమ్మాయి నా పాస్‌పోర్టు తిరగేసి, వీసా పేజీ దగ్గర వేలు పెట్టి, పక్కన ఉన్న పెద్దావిడని పిలిచింది. ఆవిడ చూసి ఒక్కటే మాట చెప్పింది. ఈ సడలింపు హెచ్-1బి వాళ్ళకి కెనడా, మెక్సికో వరకే. దీవులకి చెల్లదు.

ఇంటికొచ్చి అమెరికా ప్రభుత్వ నిబంధనల్లో ఆ రూలు చదివాను, 22 సీఎఫ్ఆర్ 41.112(డి). ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆనుకుని ఉన్న దేశాలకి, అంటే కెనడాకో మెక్సికోకో, 30 రోజులకు మించకుండా వెళ్ళొస్తే అయిపోయిన వీసాని చెల్లినట్టే చూస్తారు. ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్‌ఛేంజ్) వీసాల వాళ్ళకి మాత్రం దగ్గరి దీవులు కూడా కలుస్తాయి, క్యూబా తప్ప. అంటే బహామాస్, జమైకా, బెర్ముడా లాంటివి ఎఫ్-1 కుర్రాడికి పరవాలేదు, మనకి కాదు. మాతో వచ్చిన తమ్ముడు ఎఫ్-1, వాడి స్టాంపూ అయిపోయింది. కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం మీద వాళ్ళ ట్రావెల్ సంతకం ఉంది. వాడు ఓడ ఎక్కాడు. నేను, మా ఆవిడ, పిల్లలిద్దరూ ఒకే రంగు టీషర్టులతో సూట్‌కేసుల పక్కన నిలబడి వాడికి చెయ్యి ఊపాం. మా చిన్నది కారులో ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఒక విధంగా ఆ కౌంటర్ ఆవిడ మేలే చేసింది. ఎక్కనిచ్చి ఉంటే తిరిగొచ్చాక సీబీపీ ఆఫీసర్ ముందు నిలబడేవాళ్ళం. దేశం బయట నుంచి, చెల్లే వీసా లేకుండా.

విశాఖ_పర్సర్ | ఫిబ్రవరి 4, ఉదయం 8:50

హరి గారు చెప్పింది పూర్తిగా సరైనది. రెండు చేర్పులు. ఆ చిన్న ప్రయాణంలో అక్కడి కాన్సులేట్‌లో కొత్త వీసాకి అప్లై చేస్తే ఈ సడలింపు పోతుంది. గ్రీన్‌కార్డు అప్లికేషన్, ఐ-485, పెండింగ్‌లో ఉండి హెచ్ లేదా ఎల్ ఉద్యోగ వీసా స్టేటస్ లేనివాళ్ళు అడ్వాన్స్ పెరోల్ (బయటికెళ్ళి తిరిగి రావడానికి ముందస్తు అనుమతి) లేకుండా ఓడెక్కితే అప్లికేషన్ వదిలేసుకున్నట్టే అవుతుంది. నాలుగు రోజుల సరదా ప్రయాణానికి ఏళ్ల తరబడి ఎదురుచూపు పోగొట్టుకోకండి.

కిరణ్ గారూ, క్లోజ్డ్ లూప్‌కి పాస్‌పోర్టు అక్కర్లేదన్నది అమెరికా పౌరులకి మాత్రమే. బర్త్ సర్టిఫికెట్, ప్రభుత్వ ఫొటో ఐడీ చాలు వాళ్ళకి. అదీ అమెరికా రేవులో ఎక్కి అదే రేవులో దిగితేనే. అలాంటి ఓడ అయితే ఆ నియమం శ్రీను గారి మేనకోడలికి పనికొస్తుంది, మిగతా ఏడుగురికి కాదు. ఆ పాపకి కూడా పాస్‌పోర్టు తీసుకెళ్ళమనే చెబుతాను. దారిలో ఒంట్లో బాగోక కెనడా రేవులో ఎక్కడైనా దింపాల్సి వస్తే బర్త్ సర్టిఫికెట్‌తో విమానం ఎక్కించరు.

ఆస్టిన్_కిరణ్ | ఫిబ్రవరి 4, ఉదయం 9:20

క్షమించండి హరి అన్నా. నేను వెళ్ళింది సిటిజన్‌షిప్ వచ్చాక, అదే అందరికీ అనుకున్నాను. నా పోస్టు అలాగే ఉంచుతున్నా, కింద మీ జవాబు కూడా జనం చదువుతారు కదా.

మెల్‌బోర్న్_లత | ఫిబ్రవరి 4, మధ్యాహ్నం 1:15

శ్రీను గారూ, మేం ఆస్ట్రేలియా పాస్‌పోర్టులతో సిడ్నీ నుంచి హోనొలులు దాకా ఓడలో వెళ్ళాం. ఎస్టా గురించి నాకు తెలిసింది రాస్తాను.

సీబీపీ సొంత సైట్‌లోగానీ వాళ్ళ మొబైల్ యాప్‌లోగానీ మాత్రమే చేయండి. సైట్ చిరునామా చివర డాట్ గవ్ ఉండాలి. గూగుల్‌లో కొడితే పైన వచ్చేవి చాలావరకు దళారీ సైట్లు, అదే పనికి రెట్టింపు పైన గుంజుతాయి. అసలు ఫీజు 2025 సెప్టెంబర్ చివర్లో 21 నుంచి 40 డాలర్లకి పెరిగింది. రెండేళ్లు చెల్లుతుంది, పాస్‌పోర్టు అంతకుముందే అయిపోతే దానితో పాటే పోతుంది. పాస్‌పోర్టు మార్చుకుంటే ఎస్టా కూడా కొత్తది తీసుకోవాలి.

ఎస్టా మీద 90 రోజులు ఉండనిస్తారు. మధ్యలో కరీబియన్‌కో కెనడాకో ఓడలో వెళ్ళొస్తే ఆ లెక్క మళ్ళీ మొదటికి రాదు, ఆ రోజులు కూడా 90లోనే కలిసిపోతాయి. పొడిగింపు లేదు.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న. ఫారంలో క్యూబా, ఇరాక్, ఇరాన్, సిరియా లాంటి దేశాలకి వెళ్ళారా అని అడుగుతారు. మా వారు 2014లో ప్రాజెక్టు పని మీద ఇరాక్‌లోని ఎర్బిల్ వెళ్ళి మూడు వారాలున్నారు. ఆ ఒక్క కారణంతో ఆయనకి ఎస్టా కుదరలేదు, మెల్‌బోర్న్ కాన్సులేట్‌కి వెళ్ళి వీసా తీసుకున్నారు. ఇరాక్ లాంటి వాటికి 2011 మార్చి 1 నుంచి లెక్క, క్యూబాకి 2021 జనవరి 12 నుంచి. మీరెవరూ అటు వెళ్ళలేదు కదా?

తెనాలి_శ్రీను | ఫిబ్రవరి 4, సాయంత్రం 6:48

లత గారూ, మీ చివరి లైను చదివి చేతులు ఆడటం లేదు.

2022 నవంబర్‌లో మేం ముగ్గురం క్యూబా వెళ్ళాం. వరడేరో బీచ్, వారం రోజుల ప్యాకేజీ. ఇక్కడి వాళ్ళు చాలామంది వెళ్తారు, మంచి రేటు వచ్చిందని తీసుకున్నాం. బాబుకి అప్పుడు ఆరేళ్లు. పాస్‌పోర్టులో స్టాంపు కూడా లేదు, టూరిస్టు కార్డు మీద వేశారు. మా ఆవిడకి వీసా కావాలని దిగులుపడుతూ కూర్చున్నాను. నాకూ బాబుకీ అసలు ఎస్టాయే లేదన్నమాట!

స్టాంపు లేదు కాబట్టి “లేదు” అని పెట్టేయొచ్చని ఆఫీసులో ఒకరన్నారు. నాకు మనసొప్పడం లేదు.

విశాఖ_పర్సర్ | ఫిబ్రవరి 4, రాత్రి 8:02

ఒప్పకపోవడమే మంచిది. ఆ సలహా వినకండి. అక్కడ అబద్ధం రాసి తర్వాత బయటపడితే అమెరికా ప్రభుత్వానికి తప్పుడు సమాచారం ఇచ్చినట్టు. అది జీవితాంతం వెంటాడుతుంది. మీ చెల్లెలు అక్కడే ఉంది, ముందు ముందు ఎన్నిసార్లో వెళ్ళాలి మీరు.

భయపడాల్సిందేమీ లేదు. క్యూబా వెళ్ళడం నేరం కాదు. ఎస్టా దారి మూసుకుపోయింది, వీసా దారి తెరిచే ఉంది. ముగ్గురికీ కలిపి లండన్‌లో బి1/బి2 అప్లై చేయండి. మనిషికి 185 డాలర్లు, డీఎస్-160 ఫారం ఎవరిది వారికి విడిగా. పిల్లవాడైనా ఇంటర్వ్యూకి తీసుకెళ్ళాల్సి రావచ్చు, 2025 సెప్టెంబర్ 2 నుంచి ఇంటర్వ్యూ మినహాయింపులు బాగా తగ్గించారు. ఇప్పుడు ఫిబ్రవరి. ఈ రాత్రే ఫారం మొదలుపెట్టండి.

ఇంకో మాట. మీరు వాంకూవర్ నుంచే వెళ్ళాలని పట్టుదల లేకపోతే సియాటిల్ నుంచి సియాటిల్ వెళ్ళే ఓడకి మార్చుకోండి. కారణం మీ చెల్లెలు వాళ్ళు. వాంకూవర్ అయితే వాళ్ళు అయిపోయిన స్టాంపుతో రెండు సార్లు అమెరికాలోకి రావాలి. కెనడా ప్లేస్ తనిఖీలో ఒకసారి, ప్రయాణం అయ్యాక సరిహద్దు దాటి సియాటిల్ వెళ్ళేటప్పుడు ఇంకోసారి. సియాటిల్ ఓడ అయితే ఒక్కసారే.

రిటైర్డ్_మాస్టారు (గుంటూరు) | ఫిబ్రవరి 5, ఉదయం 5:30

నాదొక సందేహం బాబూ. సియాటిల్లో ఎక్కి సియాటిల్లో దిగితే, మధ్యలో అలాస్కాయే కదా, అంతా అమెరికాలోనే కదా? మరి ఆ ఓడలు కెనడాలో విక్టోరియా దగ్గర ఎందుకు ఆగుతాయి? మా అబ్బాయి బుక్ చేసినదాంట్లో కూడా ఆఖరి సాయంత్రం విక్టోరియా అని ఉంది. ఆ నాలుగు గంటల కోసం మాకు కెనడా వీసా ఎందుకు?

విశాఖ_పర్సర్ | ఫిబ్రవరి 5, ఉదయం 7:10

మాస్టారూ, మంచి ప్రశ్న వేశారు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది, ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్. అమెరికాలో కట్టి, అక్కడి జెండా కట్టుకున్న ఓడలే ఒక అమెరికా రేవు నుంచి ఇంకో అమెరికా రేవుకి ప్రయాణికుల్ని చేరవేయాలి. పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా, మాల్టా లాంటి దేశాల జెండాలతో తిరుగుతాయి. ఎక్కిన రేవులోనే తిరిగి దింపే ప్రయాణమైతే, దారిలో ఒక్క విదేశీ రేవైనా తగలాలి. అందుకే విక్టోరియా. ఆ ఓడలో గ్రీన్‌కార్డు లేని ఇండియన్ పాస్‌పోర్టులన్నిటికీ కెనడా వీసా అడగడానికి మూలం ఆ నాలుగు గంటలే. మేం దిగం అని చెప్పినా కౌంటర్‌లో వీసా చూస్తారు.

బ్రిటిష్ పాస్‌పోర్టు వాళ్ళకి మాత్రం విక్టోరియాలో ఓడ దిగడానికి ఈటీఏ కూడా అక్కర్లేదు, అది విమానంలో వచ్చేవాళ్ళకే. ఈ ఓడలో జూనో, స్కాగ్‌వేల్లో ఇమిగ్రేషన్ ఏమీ ఉండదు, సియాటిల్ నుంచి నేరుగా వస్తారు కాబట్టి. తనిఖీ అంతా ఆఖరి ఉదయం సియాటిల్‌లోనే.

ప్లేనో_పద్మ | ఫిబ్రవరి 5, రాత్రి 10:25

ఇంతమంది ఇంత బాగా రాస్తుంటే, మాకు జరిగింది కూడా చెప్పాలనిపించింది. మా దగ్గర కాగితాలన్నీ ఉన్నాయి. అయినా ఓడ వెళ్ళిపోయింది.

పోయిన మార్చిలో అత్తమ్మ, మామయ్య విజయవాడ నుంచి వచ్చారు. గాల్వెస్టన్‌లో ఎక్కి కోజుమెల్ వెళ్ళే ఐదు రోజుల ఓడ. మెక్సికోకి అమెరికా వీసా ఉన్న ఇండియన్లకి వేరే వీసా అక్కర్లేదు, అది చూసుకునే బుక్ చేశాం. మామయ్య పాస్‌పోర్టు గతేడాదే మార్చారు. వీసా పాత పాస్‌పోర్టులో ఉంది. పాత పాస్‌పోర్టు రద్దయినా అందులో వీసా చెల్లుతుంది, రెండూ కలిపి చూపించాలి. డాలస్ ఎయిర్‌పోర్టులో అలాగే చూపించి వచ్చారు.

టెర్మినల్‌లో మామయ్య గుడ్డ సంచీలోంచి కొత్త పాస్‌పోర్టు తీసి ఇచ్చారు. “వీసా?” అని అడిగారు. సంచీ మొత్తం బల్ల మీద బోర్లించాం. బీపీ మాత్రలు, కళ్ళజోడు పెట్టె, చిన్న హనుమాన్ చాలీసా. పాత పాస్‌పోర్టు లేదు. మూల కత్తిరించి ఉంది కదా, పనికిరాదనుకుని ఇంట్లో మంచం పక్క సొరుగులో పెట్టారట. ప్లేనో నుంచి గాల్వెస్టన్ నాలుగున్నర గంటల పైనే దారి. టైము పదిన్నర. నాలుగింటికి ఓడ.

పక్కింటి అక్కకి ఫోన్ చేశాం. గ్యారేజ్ కోడ్ చెప్పాం. ఆవిడ ఇంకేం అడక్కుండా సొరుగులోంచి తీసుకుని బయలుదేరింది. హ్యూస్టన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. మూడింటికి కౌంటర్ మూసేశారు. ఆవిడ వచ్చేసరికి మూడూ ఇరవై. ఓడ కళ్ళెదురుగానే ఉంది. ఎక్కనివ్వలేదు.

మామయ్య ఆ తర్వాత రెండు వారాలు “నా వల్లే” అంటూనే ఉన్నారు. తప్పు ఆయనది కాదు. బయలుదేరే ముందు రాత్రి అందరి కాగితాలూ బల్ల మీద పరిచి చూడాల్సింది నేను.

విశాఖ_పర్సర్ | ఫిబ్రవరి 5, రాత్రి 11:15

పద్మ గారూ, చదువుతుంటే కడుపులో దేవినట్టయింది. ఆ మూడింటి గడువు గురించి చెబుతాను, కొందరికైనా ఉపయోగపడుతుంది. ఓడ కదలడానికి కనీసం 60 నిమిషాల ముందు ఎక్కినవాళ్ళ జాబితా మొత్తం సీబీపీకి వెళ్ళిపోవాలి. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు అన్నీ. అది పంపాక కొత్త పేరు చేర్చరు. మెట్ల దగ్గర ఉన్న మనిషికి జాలి ఉన్నా చేయగలిగింది లేదు.

ఆన్‌లైన్ చెక్-ఇన్‌లో పాస్‌పోర్టు నంబరు తప్పు కొట్టినా అవస్థే. తెలుగువాళ్ళకి ఇంటిపేరు, పేరు తారుమారు కావడం మరీ ఎక్కువ. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే కొట్టండి.

రిటైర్డ్_మాస్టారు | ఫిబ్రవరి 6, ఉదయం 5:45

అమ్మా పద్మా, మీ మామయ్యగారి బాధ నాకు తెలుసు. పిల్లల డబ్బు మన వల్ల పోయిందనుకుంటే నిద్రపట్టదు. ఆయనకి నా మాటగా చెప్పు, మళ్ళీ వెళ్ళమను.

మేమిద్దరం రెండేళ్ల కిందట కోజుమెల్ వెళ్ళొచ్చాం. తిరిగొచ్చిన రోజు సంగతి ఒకటి. మా ఇంటావిడ పొద్దున టిఫిన్ దగ్గర రెండు అరటిపళ్లు, ఒక ఆపిల్ సంచీలో వేసుకుంది. ఊరికే పారేస్తారు కదా, కారులో మనవడు తింటాడని. దిగి నడుస్తుంటే చిన్న కుక్క ఒకటి వచ్చి సంచీ వాసన చూసి, ఆవిడ కాళ్ల దగ్గర బుద్ధిగా కూర్చుంది. ఆవిడ ముద్దుగా ఉందని తల నిమరబోయింది. అది కూర్చుందంటే లోపల పండుందని అర్థమట! ఆఫీసరు పళ్లు తీసుకుని, ఈసారికి వదిలేస్తున్నానని, చెప్పకుండా తెస్తే జరిమానా వేస్తామని మర్యాదగానే చెప్పాడు. పళ్లు, కూరగాయలు, మాంసం ఏదున్నా ముందే చెప్పేయాలి. చెబితే తీసుకుంటారు, అంతే.

ఇంకొకటి. విమానంలో వచ్చినప్పుడు మాకు ఆరు నెలలు ఇచ్చారు. క్రూయిజ్ నుంచి వచ్చాక మళ్ళీ కొత్తగా ఆరు నెలలు వస్తాయని ఎవరో అన్నారు. మాకు రాలేదు. పాత తేదీయే ఉంది. అది ఆఫీసరు ఇష్టం. ఇంటికెళ్ళగానే సీబీపీ సైట్‌లో ఐ-94 తేదీ చూసుకుని, తిరుగు టికెట్ దానికి లోపలే ఉందో లేదో సరిపెట్టుకోవాలి.

జెర్సీ_హరి | ఫిబ్రవరి 6, ఉదయం 7:00

మాస్టారి మాట హెచ్-1బి వాళ్ళకి ఇంకా ముఖ్యం. పాస్‌పోర్టు గడువు హెచ్-1బి పిటిషన్ గడువు కంటే ముందు అయిపోతుంటే, తిరిగొచ్చినప్పుడు కొత్త ఐ-94 ఇస్తే పాస్‌పోర్టు తేదీ దగ్గరే ఆపేస్తారు. అది చూసుకోక, తమ స్టేటస్ ఎప్పుడో అయిపోయిందని నెలల తర్వాత తెలుసుకున్నవాళ్ళు మా ఆఫీసులోనే ఇద్దరున్నారు. ఐ-797లో (పిటిషన్ ఆమోద పత్రం) ఏ తేదీ ఉన్నా, ఆఖరిసారి లోపలికి వచ్చినప్పుడు ఇచ్చిన ఐ-94ని తప్పకుండా చూసుకోండి.

మెల్‌బోర్న్_లత | ఫిబ్రవరి 7, ఉదయం 11:30

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నుంచి వెళ్ళేవాళ్ళ కోసం ఒక్క మాట. మాకు మొదటి అమెరికా రేవు హోనొలులు. అక్కడ ఓడలో ఉన్న ప్రతి ఒక్కరూ, నడవలేని పెద్దవాళ్ళతో సహా, ఆఫీసర్ ముందుకి రావాల్సిందే. డెక్‌ల వారీగా టైము ఇచ్చారు. ఒకావిడ నిద్రపోతూ రాకపోతే స్పీకర్లో పదిసార్లు ఆమె క్యాబిన్ నంబరు పిలిచారు. ఆఖరి మనిషి తనిఖీ అయ్యేదాకా దిగినవాళ్ళని తిరిగి ఎక్కనివ్వలేదు. ఆ రోజు ఉదయానికి టూర్ బుక్ చేసుకోకండి.

తెనాలి_శ్రీను | మే 19, రాత్రి 10:05

ఆలస్యంగా వస్తున్నాను, మన్నించండి. ముందుగా విషయం: సియాటిల్ ఓడకి మార్చుకున్నాం. అడ్వాన్స్‌లో కొంత పోయింది, పోతే పోయింది.

లండన్‌లో నైన్ ఎల్మ్స్ ఎంబసీలో ఇంటర్వ్యూ నిన్న అయింది. ముగ్గురికీ ఇచ్చారు. క్యూబా గురించి అడిగారు. వరడేరో వారం రోజులు, హోటల్ బిల్లు ఇదిగో అన్నాను. ఆయన బిల్లు తీసుకోలేదు కూడా, తల ఊపి తర్వాతి ప్రశ్నకి వెళ్ళాడు. నేను మూడు నెలలు నిద్ర పాడుచేసుకున్న ప్రశ్న అది! బాబుని “ఓడలో ఏం చేస్తావ్?” అంటే “తాతయ్యకి వేల్ చూపిస్తా” అన్నాడు.

అమ్మానాన్నలు హైదరాబాద్ వెళ్ళి కెనడా బయోమెట్రిక్స్ ఇచ్చొచ్చారు, వీసా వచ్చింది. మా ఆవిడకీ, చెల్లెలికీ, బావకీ కూడా. చెల్లెలు ఓడ కంపెనీకి ఈమెయిల్ రాసి, ఆటోమేటిక్ రీవాలిడేషన్ మీద ఎక్కనిస్తారా అని రాతపూర్వకంగా అడిగింది. రెండోసారి రాస్తే, కెనడా మాత్రమే ఉంది కాబట్టి ఒప్పుకుంటాం అని జవాబొచ్చింది. దాన్ని ప్రింట్ తీసి పెట్టుకోమన్నాను.

విశాఖ_పర్సర్ | మే 20, ఉదయం 6:30

చాలా సంతోషం. చెల్లెలి సంచీలో ఆ ఈమెయిల్, ఐ-94 ప్రింట్, ఐ-797, జీతం రసీదులు (పే స్టబ్స్), రూలు కాగితం, అన్నీ ఒకే కవర్‌లో ఉండాలి. ఫోన్‌లో ఉన్నాయిలే అనుకోవద్దు. ఇద్దరికీ విడివిడి కవర్లు.

తెనాలి_శ్రీను | ఆగస్టు 30, సాయంత్రం 7:40

వచ్చేశాం. వివరంగా రాస్తున్నాను, వచ్చే ఏడాది వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని.

సియాటిల్‌లో పియర్ 91 దగ్గర ఎక్కేటప్పుడు మేం ఆరుగురం పది నిమిషాల్లో అయిపోయాం. చెల్లెలు, బావ దగ్గర ఆగింది. కౌంటర్ కుర్రాడు స్టాంపు తేదీ చూసి కుదరదన్నాడు. ఆమె వాదించకుండా కవర్ ఇచ్చింది. సూపర్‌వైజర్ వచ్చాడు, ఎవరికో ఫోన్ చేశాడు. నలభై నిమిషాలు. అమ్మ పక్కన కుర్చీలో కూర్చుని విష్ణు సహస్రనామం మొదలుపెట్టింది, సగంలో ఉండగా కార్డులు ఇచ్చారు.

విక్టోరియాలో వర్షం, నాన్నగారు అయినా దిగుతానన్నారు. తిరిగొచ్చిన ఉదయం సియాటిల్‌లో కెమెరా ముందు నిలబడితే ముఖం చూసి పంపేస్తున్నారు. అమెరికా పౌరుల ఫొటో 12 గంటల్లో తీసేస్తారట, వద్దంటే వాళ్ళకి కాగితాలతోనే చూస్తారు. మన ఫొటోలు మాత్రం 75 ఏళ్ల దాకా ఉంచుతారు. మా పాస్‌పోర్టులు విడిగా కూడా చూశారు. చెల్లెలిని ఆఫీసర్ “ఎన్ని రోజులు బయట ఉన్నావు?” అని అడిగాడు. “విక్టోరియాలో నాలుగు గంటలు” అంది. ఐ-94 కాగితం చూసి వెనక్కి ఇచ్చేశాడు. సైట్‌లో తేదీ మారలేదు, అదే ఉంది. అమ్మానాన్నలదీ పాతదే. మాస్టారూ, అమ్మ సంచీలో పళ్లు ముందే నేనే వెతికి తీసేశాను, మూడు ఆపిల్స్ దొరికాయి.

జూనో దగ్గర మెండెన్‌హాల్ గ్లేసియర్ చూశాం. నాన్నగారు రెయిలింగ్ పట్టుకుని అరగంట నిలబడ్డారు. ఏమీ మాట్లాడలేదు.

రిటైర్డ్_మాస్టారు | ఆగస్టు 31, ఉదయం 5:20

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు బాబూ. నేనూ అలాగే నిలబడ్డాను ఈ జూన్‌లో.

ప్లేనో_పద్మ | సెప్టెంబర్ 2, రాత్రి 9:50

శ్రీను గారూ, ఎంత సంతోషమో. మేం కూడా మళ్ళీ బుక్ చేశాం, అక్టోబర్‌లో, అదే గాల్వెస్టన్, అదే కోజుమెల్. ఈసారి పక్కింటి అక్క కుటుంబం కూడా మాతో వస్తోంది. మామయ్య రెండు పాస్‌పోర్టులూ కలిపి రబ్బరు బ్యాండ్ వేసి, పాతదాని మీద తెల్ల కాగితం అంటించి “వీసా ఇందులో ఉంది” అని తెలుగులో రాసుకున్నారు. రోజూ పొద్దున్నే సొరుగు తీసి చూసుకుంటున్నారు.